చార్జ్: ఒక్క ఇంగ్లిష్ మాట అర్థాలన్నీ వేరు నుంచి పట్టుకునే పద్ధతి

బస్సు చార్జీ పెరిగింది. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. కొత్త ఎస్‌ఐ చార్జ్ తీసుకున్నాడు. పోలీసులు చార్జిషీటు వేశారు. పెద్దాసుపత్రిలో పేషెంటును డిశ్చార్జి చేశారు. కర్నూలులోనైనా, అనంతపురంలోనైనా, కడపలోనైనా ఇంగ్లిష్ రాదనుకునే మనిషి కూడా ఈ మాటను రోజూ ఏదో ఒక రూపంలో వాడుతూనే ఉంటాడు. అయినా ఇంగ్లిష్ పేరాలో ‘చార్జ్’ కనబడగానే డిగ్రీ చదివిన పిల్లలు కూడా తడబడతారు. డిక్షనరీలో వరసగా ఉన్న పది పదిహేను అర్థాలను విడివిడిగా బట్టీ పట్టడమే దీనికి కారణం. వారం తిరిగేసరికి సగం మరచిపోతారు, మిగిలిన సగం కలగాపులగమవుతుంది.

ఈ మాటను నేర్చుకోవడానికి రెండు పట్లు చాలు. అర్థాలన్నీ మొలిచిన వేరు ఒకటి. వాక్యంలో ఆ మాట పక్కన కూర్చునే విత్, ఫర్, ఎట్, ఆన్, ఇన్ లాంటి చిన్న మాట రెండోది. డీఎస్సీకి, గ్రూప్స్‌కు, బ్యాంకు పరీక్షలకు తయారయ్యేవాళ్ల కోసం, హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పేవాళ్ల కోసం ఆ రెండు పట్లనూ ఇక్కడ వరసగా చూపిస్తున్నాం.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి: 200 పేజీల లాంగ్ నోట్‌బుక్, రెండు రంగుల పెన్నులు, ఒక వారం దినపత్రికలు, రెండు రకాల డిక్షనరీలు. విద్యార్థుల కోసం వేసిన డిక్షనరీలో ఎక్కువ వాడుకలో ఉన్న అర్థం ముందుంటుంది. మాట చరిత్ర చెప్పే పెద్ద డిక్షనరీలో పాత అర్థం ముందుంటుంది. ఈ తేడా తెలియక పెద్ద డిక్షనరీలో మొదటి అర్థాన్నే నేటి అర్థమనుకునే పొరపాటు చాలామంది చేస్తారు. కడప వాళ్లకు ఎర్రముక్కపల్లెలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం గ్రంథాలయం ఉంది. 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చిన బ్రౌన్, ఆ ఊళ్లోనే పండితులను కూర్చోబెట్టి తెలుగు పనిచేయించాడు. ఆయన నిఘంటువులు 1850ల తొలినాళ్లలో అచ్చయ్యాయి. మాట ఏ సందర్భంలో ఎలా వాడతారో వెతికే అలవాటుకు ఆ నిఘంటువులు ఇప్పటికీ మంచి బడి.

మొదటి అడుగు: మన నోట ఉన్నవి రాసుకోవడం

డిక్షనరీ తెరవకముందే, మనం తెలుగులో ఈ మాటను ఏయే రూపాల్లో వాడుతున్నామో ఎడమ పేజీలో రాయాలి. బస్సు చార్జీ, కరెంటు చార్జీలు, చార్జింగ్, చార్జర్, ఇన్‌చార్జి, చార్జ్ తీసుకోవడం, చార్జిషీటు, చార్జ్ మెమో, లాఠీచార్జి, రీచార్జి, డిశ్చార్జి, సర్‌చార్జి. అరగంటలో పన్నెండు దాకా వస్తాయి.

ఇక్కడొక సంగతి గమనించండి. తెలుగు తనకు తానే ఈ మాటను చివర మార్చి పంచుకుంది. డబ్బైతే ‘చార్జీ’, పదవైతే ‘చార్జ్’, బ్యాటరీ అయితే ‘చార్జింగ్’. ఇంగ్లిష్‌లో ఈ పంపకం లేదు. మన చిక్కులన్నీ ఇక్కడే మొదలవుతాయి. ‘ఫోన్‌లో చార్జింగ్ లేదు’ అన్నదాన్ని మాటకు మాట తిప్పి ‘దేర్ ఈజ్ నో చార్జ్’ అంటే, వినేవాడికి ‘డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు’ అని అర్థమవుతుంది. ‘ది బ్యాటరీ ఈజ్ డెడ్’ అనాలి. ‘ఫోన్ చార్జింగ్‌లో ఉంది’ అనడానికి ‘మై ఫోన్ ఈజ్ ఇన్ చార్జ్’ అంటే ‘నా ఫోనే ఇక్కడ అధికారి’ అన్నట్టు. సరైనది ‘మై ఫోన్ ఈజ్ చార్జింగ్’ లేదా ‘ఆన్ చార్జ్’.

రెండో అడుగు: వేరు

లాటిన్‌లో ‘కర్రుస్’ అంటే బండి. దాని నుంచి ‘కరికారే’ వచ్చింది, బండికి బరువెత్తడం అని. అది పాత ఫ్రెంచి మీదుగా 13వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి చేరింది. కార్, క్యారీ, కార్గో అన్నీ ఇదే బండికి పుట్టిన పిల్లలే. కారికేచర్ కూడా ఇదే ఇంటిది. మనిషి ముక్కునో చెవినో మోతాదు మించి ‘బరువెక్కించి’ గీసే బొమ్మ అది.

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి బోరాలు ఎత్తుకొని పోయే బండిని కళ్లముందు పెట్టుకొని, అర్థాలను ఒక్కొక్కటిగా దాని మీదికి ఎత్తి చూడండి. లెక్క మీద ఎత్తితే రుసుము. మనిషి నెత్తిన పెడితే బాధ్యత. మనిషి మీద వేస్తే నేరారోపణ. తుపాకీలో దట్టిస్తే మందు. బ్యాటరీలోకి ఎక్కిస్తే కరెంటు.

తెలుగువాళ్లకు ఇది కష్టమైన ఊహ కాదు, మన భాషే ముందుగా ఆ దారి తొక్కింది. కట్టెల మోపు అంటాం. అదే మాటతో పన్ను మోపారు, బాధ్యత మోపారు, నేరం మోపారు అంటాం. ఒక్క ‘మోపు’లో చార్జ్ అర్థాలు మూడు కూర్చున్నాయి. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఈ మాటతోనే మొదలుపెట్టండి. లాటిన్ తర్వాత చెప్పినా పర్వాలేదు.

మీద పడటం, దూసుకుపోవడం అన్న అర్థం ఒక్కటే ఈ బండికి కొంచెం దూరం. ఆయుధాన్ని నింపి సిద్ధం చేయడం నుంచి దాంతో శత్రువు మీదికి ఉరకడం దాకా జరిగిన అర్థం అది. లాఠీచార్జిలోని చార్జ్ ఇదే. ‘ది బుల్ చార్జ్డ్ ఎట్ హిమ్’ అంటే ఎద్దు అతని మీదికి దూకింది. పాత రోజుల్లో యుద్ధానికి వాడిన గుర్రాన్ని కూడా చార్జర్ అనేవారు. పాత కథల్లో చార్జర్ ఎక్కిన వీరుడు కనబడితే తికమకపడొద్దు.

మూడో అడుగు: డబ్బు మాటలు వేరు చేయడం

మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే, కాబట్టి కొంచెం నిలబడాలి. తెలుగులో అన్నీ చార్జీలే. ఇంగ్లిష్‌లో చెల్లించే ప్రతి రకం డబ్బుకూ వేరే పేరుంది.

ప్రయాణానికి ఇచ్చేది ఫేర్. దీని పాత అర్థమే ప్రయాణించడం. ఫేర్‌వెల్‌లో ఉన్నది కూడా అదే, ‘క్షేమంగా వెళ్లు’ అని. అందుకే అనంతపురం నుంచి కదిరికి ‘బస్ ఫేర్’ ఎంత అని అడగాలి, ‘బస్ చార్జ్’ అనకూడదు. ఇంటికి నెలనెలా ఇచ్చేది రెంట్. డాక్టరు, లాయరు, కాలేజీ తీసుకునేది ఫీ. రోడ్డు మీద బండి పోనిచ్చినందుకు కట్టేది టోల్. తప్పు చేసి కట్టేది ఫైన్. ఇది ‘ముగింపు’ అన్న లాటిన్ మాట నుంచి వచ్చింది, కట్టేసి గొడవ ముగించుకోవడమన్న మాట. అంగట్లో వస్తువు మీద రాసి ఉండేది ప్రైస్. అది మన చేతికి వచ్చేసరికి మొత్తం ఎంతైందో అది కాస్ట్.

మరి చార్జ్ ఎక్కడ? చేసిన సేవకో, అదనంగా కల్పించిన సౌకర్యానికో లెక్కలో ఎక్కించే మొత్తం చార్జ్. గుంతకల్లులో తీసుకున్న రైలు టికెట్టును విడదీసి చూస్తే తేడా తెలుస్తుంది. దూరానికి కట్టేది బేస్ ఫేర్. సీటు మన పేర పెట్టినందుకు రిజర్వేషన్ చార్జ్. బండి సూపర్‌ఫాస్ట్ అయితే సూపర్‌ఫాస్ట్ చార్జ్. ఒకే కాగితం మీద ఫేర్, చార్జ్ రెండూ తమ తమ చోట్ల ఉన్నాయి. కరెంటు బిల్లు కూడా మంచి పాఠమే. కాల్చిన యూనిట్లకు ఎనర్జీ చార్జెస్, ఏమీ కాల్చకపోయినా పడేవి ఫిక్స్‌డ్ చార్జెస్, పక్కనే ఎలక్ట్రిసిటీ డ్యూటీ. ఈ చివరిది ప్రభుత్వానికి పోయే పన్ను, అందుకే దాన్ని చార్జ్ అనలేదు. బిల్లును పారేయకుండా నోట్‌బుక్‌లో అంటించండి. మాటలు వాటి స్థానాల్లో కనబడితే గుర్తుంటాయి.

క్రియగా వాడేటప్పుడు వరస ఇది: చార్జ్, తర్వాత మనిషి, తర్వాత మొత్తం, తర్వాత ఫర్, తర్వాత పని. ‘ది ఆటో డ్రైవర్ చార్జ్డ్ మీ 150 రుపీస్ ఫర్ ది ట్రిప్.’ మనవాళ్లు ‘చార్జ్డ్ టు మీ’ అని ‘టు’ దూరుస్తారు. తెలుగులో ‘నాకు’ అని ఉండటం వల్ల వచ్చే తప్పు ఇది. ‘టు’ వస్తే అర్థం వేరు: ‘చార్జ్ ఇట్ టు మై అకౌంట్’ అంటే నా ఖాతాలో రాసుకో అని. కిరాణా అంగడి పద్దు.

నాలుగో అడుగు: పక్కనున్న చిన్న మాటను చూడటం

పేరాలో ఈ మాట తగలగానే దాని అర్థం వెతకొద్దు, ముందు కుడివైపు చూడండి.

విత్ ఉంటే నేరం. ‘హి వాజ్ చార్జ్డ్ విత్ థెఫ్ట్.’ అక్యూజ్ అయితే ‘ఆఫ్’ తీసుకుంటుంది: ‘అక్యూజ్డ్ ఆఫ్ థెఫ్ట్.’ ఈ జంటను పరీక్షల్లో తప్పు దిద్దే ప్రశ్నగా ఇవ్వడం మామూలే. అర్థంలోనూ తేడా ఉంది. ఎవరైనా ఎవరినైనా అక్యూజ్ చేయొచ్చు, చట్టప్రకారం చార్జ్ చేసేది అధికారం ఉన్నవాళ్లే. అయితే ‘విత్’ తర్వాత నేరం కాకుండా పని ఉంటే అది బాధ్యత: ‘చార్జ్డ్ విత్ కండక్టింగ్ ది ఎలక్షన్’ అంటే ఎన్నికలు జరిపే బాధ్యత అప్పగించారు.

ఫర్ ఉంటే డబ్బు. ఎట్ ఉంటే దాడి. ‘ఇన్ చార్జ్ ఆఫ్’ ఉంటే అధికారం. ఇందులో ‘ది’ చేరితే మనుషులు తారుమారవుతారు. ‘ది నర్స్ ఈజ్ ఇన్ చార్జ్ ఆఫ్ ది చైల్డ్’ అంటే నర్సు చూసుకుంటోంది. ‘ది చైల్డ్ ఈజ్ ఇన్ ది చార్జ్ ఆఫ్ ది నర్స్’ అంటే బిడ్డ నర్సు సంరక్షణలో ఉంది. ఒక్క ‘ది’ను చదవకుండా దాటేస్తే ఎవరు ఎవరిని చూసుకుంటున్నారో తిరగబడిపోతుంది.

ఆన్ దగ్గర గ్రూప్స్ వాళ్లు ఆగాలి. ‘ఎక్స్‌పెండిచర్ చార్జ్డ్ ఆన్ ది కన్సాలిడేటెడ్ ఫండ్’ అనేది రాజ్యాంగ భాష. కన్సాలిడేటెడ్ ఫండ్ అంటే సంచిత నిధి, ప్రభుత్వ ఆదాయం చేరే ఖజానా. రాష్ట్రాలకు సంబంధించి 202(3) అధికరణంలో ఉంది. గవర్నర్ జీతభత్యాలు, స్పీకర్ జీతం, హైకోర్టు న్యాయమూర్తుల జీతాలు, రాష్ట్రం అప్పులకు కట్టే వడ్డీలు ఇందులోకి వస్తాయి. వీటిపై శాసనసభలో చర్చించవచ్చు, ఓటింగ్ ఉండదు. ఆ నిధి నెత్తిన ముందే మోపేసిన బరువు అనుకుంటే ఓటింగ్ ఎందుకుండదో కూడా అదే చెబుతుంది.

ఐదో అడుగు: ఆఫీసు, కోర్టు, భూమి కాగితాలు

ఆఫీసులో బాధ్యత చేతులు మారేటప్పుడు ‘అష్యూమ్డ్ చార్జ్’, ‘హ్యాండెడ్ ఓవర్ చార్జ్’, ‘రిలీవ్డ్’ అంటారు. ఇద్దరూ సంతకం పెట్టే కాగితమే సీటీసీ, అంటే సర్టిఫికెట్ ఆఫ్ ట్రాన్స్‌ఫర్ ఆఫ్ చార్జ్. సొంత పోస్టుతో పాటు ఇంకో పోస్టు పూర్తి బాధ్యత కూడా ఇస్తే ఎఫ్‌ఏసీ, ఫుల్ అడిషనల్ చార్జ్. స్కూళ్లలో ఎఫ్‌ఏసీ హెడ్‌మాస్టర్ అన్న మాట అందరూ విన్నదే. ‘టేక్ చార్జ్’ అన్న వాక్యం ఆఫీసు బయట కూడా నడుస్తుంది, ముందుకొచ్చి పరిస్థితిని చేతిలోకి తీసుకోవడమని. చార్జ్ మెమో మాత్రం పూర్తిగా వేరు. అందులో ఉన్నది పదవి కాదు, అభియోగం. చార్జ్ తీసుకున్నాడంటే అభినందించాలి, చార్జ్ మెమో తీసుకున్నాడంటే జవాబు రాయడంలో సాయపడాలి.

కోర్టు వార్తల్లో మూడు మెట్లు కలిపేస్తుంటారు. ఎఫ్‌ఐఆర్ అంటే నేరం జరిగిందన్న సమాచారం నమోదు. దర్యాప్తు పూర్తయ్యాక పోలీసులు కోర్టుకు ఇచ్చేది చార్జిషీటు. చట్టంలో దీని పేరు పోలీస్ రిపోర్టు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 193వ సెక్షన్ దీని గురించే, అంతకుముందు సీఆర్‌పీసీలో 173. ఆ తర్వాత కోర్టు అన్నీ చూసి, విచారణకు తగిన ఆధారం ఉందనుకుంటే ‘ఫ్రేమ్స్ చార్జెస్’, అంటే అభియోగాలు ఖరారు చేస్తుంది. చార్జిషీటు వేసేది పోలీసులు, చార్జ్ ఫ్రేమ్ చేసేది కోర్టు. అభియోగం ఖరారు కాకముందే ఆధారం లేదని వదిలేస్తే డిశ్చార్జి. విచారణంతా జరిగి నిర్దోషి అని తేలిస్తే అక్విటల్. రెండింటినీ తెలుగు వార్తల్లో ‘కేసు కొట్టేశారు’ అని ఒకే గాటన కట్టేయడం వల్ల అనువాద ప్రశ్నల్లో తప్పులొస్తాయి.

భూమి కాగితాల దగ్గర ఈ మాట రైతులకు నేరుగా పనికొస్తుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 100వ సెక్షన్ చార్జ్ గురించే. ఆస్తి చేతులు మారకుండానే దాని మీద అప్పు బరువు పడటం. బ్యాంకులో పంట రుణం తీసుకుంటే భూమి రికార్డులో ఆ చార్జ్ ఎక్కుతుంది. అప్పు కట్టేసిన తర్వాత ఆ బరువు దింపించే పని మిగిలే ఉంటుంది. బ్యాంకు నుంచి నో డ్యూస్ కాగితం తీసుకుని, రికార్డులో చార్జ్ తీసేశారో లేదో చూసుకోకపోతే అమ్మేటప్పుడు ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) దగ్గరో వన్-బీ (భూమి హక్కుల రికార్డు) దగ్గరో పేచీ వస్తుంది.

ఆరో అడుగు: గనులు, ఫ్యాక్టరీలు, సైన్సు పుస్తకం

బేతంచెర్ల, తాడిపత్రి వైపు రాతి పనిలో ఉన్నవాళ్లకు చార్జ్ అంటే తూటాల కోసం తొలిచిన రంధ్రంలో నింపే పేలుడు పదార్థం. ఒక్కసారిగా పేలే మొత్తాన్ని ‘చార్జ్ పర్ డిలే’ అంటారు. చుట్టుపక్కల ఇళ్లు ఎంత అదురుతాయన్నది చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంటుంది. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ భాషలో బాల్ మిల్లులో పోసిన ఉక్కు గుండ్ల రాశి కూడా చార్జే. ఫ్రిజ్ మెకానిక్‌కు నింపిన గ్యాసు చార్జ్. అన్నిచోట్లా ‘లోపల నింపిన సరుకు’ అన్న ఒకే అర్థం.

ఫిజిక్సులో చార్జ్‌కు మన పాఠ్యపుస్తకాల మాట ఆవేశం, విద్యుదావేశం. కొలత కూలుంబు. ఫోన్ బ్యాటరీ మీద 5000 ఎంఏహెచ్ అని రాసి ఉంటుంది కదా, అది చార్జ్ కొలతే. 5 ఆంపియర్-గంటలను గంటకున్న 3600 సెకన్లతో గుణిస్తే 18,000 కూలుంబులు. అయితే నింపిన బ్యాటరీలో మొత్తం ఆవేశం పెరగదు, ఒక కొస నుంచి వచ్చినంత ఇంకో కొస నుంచి పోతుంది. దాచిపెట్టేది రసాయన రూపంలో ఉన్న శక్తిని. బ్యాటరీ ‘చార్జ్’ అన్న వాడుక మాటకూ, పాఠంలోని ‘చార్జ్’కూ ఉన్న ఈ తేడా చెప్పకపోతే పదో తరగతి పిల్లలు తప్పుగా ఊహించుకుంటారు. ఇక ‘ఎ చార్జ్డ్ అట్మాస్ఫియర్’ అంటే ఉద్రిక్త వాతావరణం. తెలుగు ‘ఆవేశం’ ఈ రెండు అర్థాలనూ చక్కగా మోస్తుంది.

ఏడో అడుగు: ముందు చేరే అక్షరాలు

డిస్ చేరితే బరువు దించడం. ఈ ఒక్క సూత్రంతో డిశ్చార్జి అర్థాలన్నీ తెరుచుకుంటాయి. రోగిని ఇంటికి పంపడం, పుండు నుంచి రసి కారడం, అప్పు తీర్చడం, బ్యాటరీ దిగిపోవడం. శ్రీశైలం గేట్ల నుంచి దిగే నీరు కూడా డిశ్చార్జే. సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే సుమారు 28.3 లీటర్లు, ఒక క్యూసెక్కు. లక్ష క్యూసెక్కులు రోజంతా వదిలితే 8.64 టీఎంసీలు. అన్నిటికంటే ఎక్కువమంది పడిపోయే గుంత ‘హి డిశ్చార్జ్డ్ హిజ్ డ్యూటీస్’. ఉద్యోగం వదిలేశాడని రాస్తారు. ‘విధులు నిర్వర్తించాడు’ అని దీనర్థం. ఎత్తుకున్న బరువును చేర్చాల్సిన చోట దించాడు, మనం రుణం తీర్చుకున్నాడన్నట్టు.

రీ చేరితే మళ్లీ నింపడం. ప్రీపెయిడ్ ఫోన్‌కు రీచార్జి అనడం మన దేశపు ఇంగ్లిష్. ఇంగ్లండులో దాన్ని ‘టాప్ అప్’ అంటారు, అక్కడ ‘రీచార్జ్ మై ఫోన్’ అంటే బ్యాటరీ నింపుకోవాలన్నట్టు వింటారు. అనంతపురం జిల్లా వాళ్లకు ఇంకో రీచార్జి బాగా తెలుసు, గ్రౌండ్‌వాటర్ రీచార్జ్. ఇంకుడు గుంతలు, చెక్‌డ్యాములు, చెరువుల పూడికతీత అన్నీ దాని కోసమే.

సర్ అంటే పైన. గడువు దాటిన బిల్లు మీద పడే అదనం సర్‌చార్జి. ఓవర్‌చార్జ్ అంటే ఉన్నదానికంటే ఎక్కువ వసూలు చేయడం. ఇది అన్యాయం, సర్‌చార్జి నిబంధన. రెండూ ఒకటిగా రాయొద్దు.

ఎనిమిదో అడుగు: నోట్‌బుక్‌లో నిలబెట్టడం

కుడి పేజీ మధ్యలో ‘మోపు’ అని రాసి, దాని చుట్టూ ఐదు గుంపులు వేయండి: డబ్బు, బాధ్యత, నేరం, నింపడం, దాడి. ప్రతి గుంపులో రెండు వాక్యాలకు మించి వద్దు, ఆ వాక్యాలు కూడా పత్రికలోంచో, బిల్లులోంచో, ఆఫీసు కాగితంలోంచో తీసినవే కావాలి. విత్, ఫర్, ఎట్, ఆన్ లాంటి చిన్న మాటలు రెండో రంగులో రాయండి. అర్థాన్ని తెలుగులో రాసేటప్పుడు ‘చార్జీ’ అని రాయకూడదు. రుసుము, అభియోగం, పూచీ, మందుగుండు అంటూ విడమరచాలి. మర్నాడు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి తెలుగు వైపు మూసి చూసుకోండి.

అయిందో లేదో ఈ ఆరింటితో తేలుతుంది. 1) ది షాప్ డెలివర్స్ ఫ్రీ ఆఫ్ చార్జ్. 2) షి వాజ్ లెఫ్ట్ ఇన్ చార్జ్ ఆఫ్ ది వార్డ్. 3) హి వాజ్ అరెస్టెడ్ ఆన్ ఎ చార్జ్ ఆఫ్ చీటింగ్. 4) ది కోర్ట్ డిశ్చార్జ్డ్ ది అక్యూజ్డ్. 5) ది టీచర్ అండ్ హర్ యంగ్ చార్జెస్ క్రాస్డ్ ది రోడ్. 6) ది బ్యాంక్ హాజ్ ఎ చార్జ్ ఆన్ ది ల్యాండ్.

ఒకటి, ఇంటికి తెచ్చి ఇచ్చినందుకు డబ్బు తీసుకోరు. రెండు, వార్డు ఆమెకు అప్పగించి వెళ్లారు. మూడు, మోసం చేశాడన్న ఆరోపణ మీద పట్టుకున్నారు. నాలుగు, అభియోగం ఖరారు కాకముందే కోర్టు వదిలేసింది. ఐదు చాలామందికి తప్పుతుంది. ఇక్కడ చార్జెస్ అంటే టీచరమ్మ బాధ్యతలో ఉన్న పిల్లలు, రోడ్డు దాటింది ఆమే వాళ్లూ. ఆరు, భూమి మీద బ్యాంకు అప్పు బరువు ఉంది.

ఆరూ సరిగ్గా వస్తే పేజీ తిప్పి తర్వాతి మాటగా ‘బాండ్’ తీసుకోండి. దాని వేరు కట్టు, కట్టేయడం. బెయిల్ బాండు, ప్రభుత్వ బాండ్లు, కెమిస్ట్రీలో పరమాణువుల మధ్య బాండు, కాలేజీ రాయించుకునే సర్వీస్ బాండు, బంధుత్వమనే బాండు, వీటిలో ఎవరు దేనికి కట్టుబడుతున్నారో ఒక్కోదాని ఎదురుగా రాయడంతో మొదలుపెట్టండి.